రాజుగారి గుసగుస

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు దేవదాస్ రాజు కావాలి. ఆ సంగతి సూరత్‌లో మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ రాజుకు చెవులు వినపడవన్న సంగతి మాత్రం ఒక్క సారక్కకే తెలుసు. కట్టుకున్న పెళ్ళాం గనక తెలిసింది గానీ, లేకపోతే ఆమెకూ తెలిసేది కాదు.

ఎలా తెలుస్తుంది చెప్పండి? ముప్పై ఏళ్ళు సాంచెల మధ్య బతికిన మనిషాయె. మరమగ్గాన్ని సిరిసిల్ల వైపు సాంచె అంటారు, సూరత్‌లో సాంచా అంటారు, పేరు ఎటు తిప్పినా రొద ఒకటే. ఒక్క కప్పు కింద నలభై ఆడుతుంటే చెవులున్నవాడూ లేనివాడూ అక్కడ సమానమే. అందుకే కార్ఖానాలో నోటితో పని లేదు, అంతా చేతి సైగలే. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. రెండు బొటనవేళ్ళు మెలిపెడితే ముడి వెయ్యమని. చూపుడువేలు గిరగిరా తిప్పితే కండెలో నూలు అయిపోయిందని. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే సేఠ్ వస్తున్నాడు, బీడీ పారెయ్యమని. ఇంటికొచ్చినా వీధి పొడుగునా అదే రొద గనక, మొగుడు పలక్కపోతే చప్పుడులో వినలేదేమోలే అనుకుని సారక్క మళ్ళీ అరిచేది.

రెండువేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ పెట్టి సాంచెలన్నీ ఒక్కసారే ఆపేశారు. మర్నాడు పొద్దున వీధిలో పిచ్చుక అరిస్తే వినపడింది! "అబ్బ, ఎంత నిమ్మళంగున్నదో చూడు" అంది సారక్క వంటింట్లోంచి. జవాబు లేదు. మళ్ళీ అంది. లేదు. ఒళ్ళు మండి గరిటె పట్టుకుని ఇవతలికొస్తే, గోడకానుకుని కూర్చున్న దేవదాస్ ఆమె మొహంలోకి బెంగగా చూసి, "ఏందే, పొద్దటిసంది ఒక్క మాట మాట్లాడ్తలేవు? నా మీద కోపమా?" అన్నాడు. సారక్క గరిటెతో సహా అక్కడే కూలబడింది.

ఆ రోజు నుంచి ఆ గుట్టు వాళ్ళిద్దరిదీ అయింది. "ఎవ్వలికి చెప్పకు" అని ఒట్టు పెట్టించుకున్నాడు. సాంచె పనికి చెవులతో అవసరం లేదు, దాని గురించి ఆయనకు ఫికరు లేదు. ఆయన భయమంతా రాజు వేషం గురించే. మనవాళ్ళు ఏటా వేసే నాటకంలో పద్దెనిమిదేళ్ళుగా ఆ వేషం ఆయనది. "అన్ని దినాలు నేను కూలోన్నే. ఏడాదికి ఒక్క దినమన్న రాజునైతగదనే! గది గూడ పోతె నేనేమున్న?" అన్నాడొకసారి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి. ఈ మనిషి రాజు వేషం పోనివ్వనని సారక్క ఆ పూటే మనసులో గట్టిగా అనుకుంది.

రెండేళ్ళు నాటకం లేదు. రెండోసారి జ్వరాలు వచ్చినప్పుడు మన నాటక సమాజంలో హార్మోనియం వాయించే దశరథం పోయాడు, ఇంకెవరికీ ఆట మీద మనసు పోలేదు. చివరికి రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో జబ్బు కాస్త తగ్గింది. ఖటోదరా పేటలోని హాలువాళ్ళు శనివారం నాటకం, ఆదివారం పాటలు పెట్టుకోండి, చీకటి పడకముందే ముగించండి అన్నారు. హాలంటే మరేం కాదు, పాత సాంచెల షెడ్డు. సేఠ్ మగ్గాలన్నీ పక్కనున్న కిమ్ ఊరికి తరలించుకుపోతే, వీధిలోని గుజరాతీలూ ఒడియావాళ్ళూ మనవాళ్ళూ కలిసి అడిగి దాన్ని ఆటపాటల ఇల్లు చేసుకున్నారు. నేలలో సాంచెలు బిగించిన బోల్టుల గుంతలు ఇంకా అలాగే ఉన్నాయి. కుర్చీ కాలు అందులో దిగబడిందా, మనిషి పక్కవాడి ఒళ్ళో ఉంటాడు.

నాటకం పేరు "ముడి లేని గుడ్డ". సమాజంవాళ్ళు సొంతంగా కట్టుకున్నది. ఒక రాజు, ఒక్క ముడి కూడా లేని గుడ్డ నేసి తెమ్మని నేతగాడికి ఆజ్ఞ వేస్తాడు. అదీ కథ. మంత్రి వేషం రఘుపతిది. సమాజానికి సెక్రటరీ కూడా ఆయనే, మాట్లాడితే పోట్లాడినట్టుంటుంది. నేతగాడు సురేశ్, పాతికేళ్ళ కుర్రాడు, సూరత్‌లోనే పుట్టాడు. వాడికి రాజు మాటలు కూడా కంఠతా వచ్చు. రిహార్సల్ మొదటి రోజే రఘుపతి అందరినీ నిలబెట్టి చెప్పేశాడు: "ఈసారి డైలాగు తప్పినోని వేషం వచ్చేసారికి పిల్లలకే ఇస్తం. ఎవ్వలైనా సరె, మొకం జూసుడు లేదు."

దేవదాస్ ఆ మాట రఘుపతి పెదాల మీద చదువుకుని, సారక్క వైపు చూశాడు. సారక్క ఫరవాలేదని తల ఊపింది.

ఎందుకంటే ఉపాయం అప్పటికే సిద్ధంగా ఉంది. తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలందించే పని పదేళ్ళుగా ఆమెదే. దేవదాస్ పెదాలు చూసి మాట పట్టగలడు, సాంచెల దగ్గర అందరూ ఎంతో కొంత అలా పట్టేవాళ్ళే. రఘుపతి మాట ముగియగానే ఆమె చిటికెనవేలు ఎత్తుతుంది, అది రాజు మాట్లాడమని గుర్తు. మరచిపోతే పెదాలతో చెబుతుంది. నెల్లాళ్ళు రిహార్సల్ చేశారు, మాస్కు గడ్డం కిందకు లాక్కుని నిలబడింది, ఒక్కరికైనా అనుమానం వస్తే ఒట్టు! చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అని మనవాళ్ళు ఊరికే సామెత కట్టారు గానీ, ఊదేది పెళ్ళామైతే వినపడి తీరుతుందని సారక్క మురిసిపోయింది.

శనివారం రెండు గంటలకు ఆ మురిపెం కాస్తా ఆవిరైంది.

హాలు చూసుకునే జయంతీభాయ్ ఒక కాగితం పట్టుకుని తెర వెనక్కి వచ్చాడు. పొద్దున తనిఖీవాళ్ళు వచ్చిపోయారట. వేషం కట్టినవాళ్ళు స్టేజీ మీద ఉన్నంతసేపు మాస్కు తియ్యొచ్చు. మిగతా అందరికీ, తెర వెనక ఉన్నవాళ్ళతో సహా, ముక్కూ మూతీ మూసి ఉండాలి. ఒక్కరు తీసి కనపడ్డా హాలుకు తాళం, రేపటి పాటలు బంద్. చెప్పి ఊరుకున్నాడా? చేతిలో మందు స్ప్రే డబ్బా పట్టుకుని సరిగ్గా సారక్క పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"జయంతీభాయ్, థోడా నీచే కరూ? మై ప్రాంప్టర్ హూఁ" అంది సారక్క, మాస్కు కాస్త కిందకు దించుకుంటానని గడ్డం చూపించి.

"నహీ బెన్. ఊపర్. నాక్ భీ." ముక్కు కూడా కప్పుకోవాల్సిందే అన్నాడు.

ఆయన్ని ఏమనగలదు? ఒకరి కోసం రేపటి పండుగ పాడుచేస్తే ఒడియావాళ్ళ పిల్లలు నెల నుంచి సాధన చేసిన పాటలు ఏం కావాలి? సారక్క మాస్కు ముక్కు మీదికి లాక్కుని, పుస్తకం తెరిచి నిలబడింది. కిరీటం సర్దుకుంటూ దేవదాస్ ఆమె వైపు చూశాడు, మాస్కు చూశాడు, పెద్ద పెద్ద కళ్ళు చేశాడు. అప్పటికే తెర లేచిపోయింది.

హాలులో కుర్చీ విడిచి కుర్చీ, అందరూ సాంచెలవాళ్ళే. ఇచ్ఛాపూర్ నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళున్నారు. వెనక వరసల్లో ఒడియావాళ్ళూ మరాఠీవాళ్ళూ మన ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా చూద్దామని కూర్చున్నారు. రెండేళ్ళ తరువాత ఆట! రాజు కనపడగానే ఈలలు మోగాయి. మొదటి రంగం మాటలన్నీ కంఠతా ఉన్నవి గనక దేవదాస్ దంచేశాడు. చిటికెనవేలు లేస్తే మాట, దిగితే మౌనం. సారక్క ఊపిరి పీల్చుకుంది.

రెండో రంగం సభ. నేతగాడు సురేశ్ గుడ్డ తెచ్చి రాజు ముందు పరిచాడు. రాజు దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూసి పెద్ద మాట చెప్పాలి. దేవదాస్ తడిమాడు. మళ్ళీ తడిమాడు. మూడోసారి తడుముతుంటేనే సారక్కకు అర్థమైపోయింది, మాట పోయింది. ఆయన కళ్ళు తెర పక్కకు తిరిగాయి. అక్కడేముంది? నీలం రంగు మాస్కు, దాని మీద రెండు కళ్ళు.

"పోగు తెగని మగ్గము లేదు" అని సారక్క మాస్కు లోపలి నుంచే అంది. కాస్త గట్టిగా అంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, రాజుకు మాత్రం చేరలేదు. ఇంకేం చెయ్యాలో తోచక చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది.

పోగు తెగింది! ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? రాజుగారు ఒక్క ఎగురున వెనక్కి తిరిగి, సింహాసనం పక్కన లేని హ్యాండిల్‌ను అరచేత్తో ఫట్‌మని కొట్టి, లేని సాంచె ఆపేసి, వంగి తెగిన పోగు వెతకడం మొదలుపెట్టాడు.

హాలు గొల్లుమంది. సాంచెలవాళ్ళు కదా, ప్రతివాడూ తన చెయ్యినే చూసుకున్నాడు అందులో. నవ్వు దేవదాస్‌కు వినపడలేదు గానీ మూతులు తెరుచుకోవడం కనపడింది. తల తిరిగిపోయింది పాపం. నాలుగడుగులు తెర వైపు వేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రహస్యంగా సారక్కతో ఒక మాటన్నాడు.

రహస్యంగా అని ఆయన అనుకున్నాడు. కార్ఖానా మనిషి గుసగుస ఎంత ఉంటుందో మీకు తెలియదు. పైగా నెత్తి మీదే మైకు వేలాడుతోంది.

"ఏమే! నీ మూతికి గుడ్డున్నది, నాకేం సమజైతలేదే! నా చెవులు పోయినయని తెల్వదా నీకు! గట్టిగనకు, ఎవ్వలన్న ఇంటరు!"

స్పీకర్లు ఆ మాటను నాలుగు గోడలకూ కొట్టాయి. నవ్వు ఠక్కున ఆగిపోయింది. జయంతీభాయ్ చేతిలో డబ్బా కిందకు దిగింది. సారక్క పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. అయ్యో దేవుడా, రెండేళ్ళు కడుపులో పెట్టుకుని దాచిన గుట్టు, ఆయన నోటితో ఆయనే దండోరా వేసుకున్నాడే! వేషం పోయింది, అంతా పోయింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు మూడో వరసలో బక్కయ్య లేచాడు. డెబ్బై ఏళ్ళవాడు, నలభై ఏళ్ళు సాంచె నడిపినవాడు. పక్కవాడి భుజం తట్టి, హాలంతా వినపడేలా అడిగాడు:

"ఏమన్నడు?"

"చెవులు పోయినయట!" అని అరిచాడు పక్కవాడు.

"ఎవ్వలియి?"

"రాజుయి!"

"నాయి గుడ పోయినయ్‌గద! గండ్ల ఏమున్నది?" అన్నాడు బక్కయ్య. అని, కండువా భుజాన వేసుకుని, రెండు చేతులూ రాజుకు కనపడేలా పైకెత్తాడు. వేళ్ళు కత్తెరలా ఆడించాడు. బొటనవేళ్ళు మెలిపెట్టాడు. తరువాత అరచేతులు విప్పి, ఏదీ అన్నట్టు తిప్పాడు. పోగు తెగింది, ముడి వెయ్యాలి, ఏది?

ఆ నాటకం ఏటా చూసినవాళ్ళేనాయె, పక్కవాళ్ళకూ గుర్తొచ్చింది. ఇంకో జత చేతులు లేచాయి. ముందు వరసలో ఆడవాళ్ళు లేపారు. వెనక ఒడియావాళ్ళు, మాట తెలియకపోయినా సైగ తెలిసి, వాళ్ళూ లేపారు. చూస్తుండగానే హాలు నిండా చేతులు, కత్తెరలూ ముడులూ, కత్తెరలూ ముడులూ! ఇంతమంది ప్రాంప్టర్లు ఏ రాజుకు దొరికారమ్మా?

దేవదాస్ ఆ చేతుల్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. నడుము నిటారైంది. సింహాసనం దగ్గరికి నడిచి, గుడ్డ ఎత్తి పట్టుకుని గర్జించాడు:

"ఓరీ నేతగాడా! పోగు తెగని మగ్గము లేదు. ముడి వెయ్యక నేసిన గుడ్డ లేదు. మరి ఈ గుడ్డలో ముడి ఏదిరా?"

చప్పట్లకు రేకుల కప్పు అదిరింది. సురేశ్ ఏం చేశాడో చూడండి. ఎప్పుడూ జనం వైపు తిరిగి మాట్లాడే కుర్రాడు, ఈసారి రాజు ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, మొహం పైకెత్తి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు: "ముడి లేని గుడ్డ ఉండదు ప్రభూ. ముడి కనపడని గుడ్డ ఉంటుంది." పెదాలు చదివిన దేవదాస్ మాట ముగిసిన క్షణానికే అందుకున్నాడు. ఆపైన ఎక్కడా తడుముకోలేదు. సారక్క మాస్కు తడిసి ముద్దయింది, కొత్తది తెచ్చి ఇచ్చింది జయంతీభాయే.

అంత జరిగినా ఆదివారం పొద్దున దేవదాస్ మంచం దిగనన్నాడు. నిన్న చప్పట్లు కొట్టింది జాలితోనేనని, వేషం సురేశ్‌కు పోయినట్టేనని. పాటలకు నేను రాను, ఈ మొహం ఎవరికి చూపించమంటావని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సారక్క ఆ వైపుకు వెళ్ళి ఎదురుగా నిలబడింది. "మొకానికి మాస్కుంటది, ఎవ్వలు జూస్తరు? లే! పద్దెనిమిదేండ్లు రాజువైతివి, జర రాజు లెక్క నడువు!"

హాలులో అప్పటికే సందడి. ఒడియా పిల్లలు మద్దెల మీద భజన ఎత్తుకున్నారు, మన ఆడవాళ్ళు కోలాటానికి కొంగులు బిగిస్తున్నారు. మద్దెల అదురు నేలలోంచి పాదాలకు తగిలి, గుమ్మంలోనే దేవదాస్ మొహం కాస్త విప్పారింది. జయంతీభాయ్ పరుగున వచ్చి హిందీలో ఊపిరాడకుండా చెప్పాడు: నాలుగేళ్ళుగా మీ తెలుగు నాటకం చూస్తున్నాను, ఒక్క ముక్క తెలిసేది కాదు. నిన్న మొత్తం తెలిసింది. ఒడియావాళ్ళు ఇంకా నలభైమందిని వెంట తెచ్చారు, పాటల మధ్యలో ఆ సభ రంగం మళ్ళీ వెయ్యాలట, సైగలతో! సారక్క మొగుణ్ణి గుమ్మం బయటికి తీసుకెళ్ళి, మొహం చూపించి ఇది చెప్పింది. ఆయన నమ్మలేదు. ఇంకోసారి చెప్పింది.

ఇంతలో రఘుపతి వచ్చి, మొహం గంటు పెట్టుకుని, ఇద్దరినీ వేషాల గదిలోకి పిలిచాడు. వెనకే తలుపు వేశాడు. దేవదాస్ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. సారక్క కొంగు నడుముకు చుట్టింది. డైలాగు తప్పినవాడి వేషం పిల్లలకు అన్నాడు కదా, అననీ చూద్దాం, కడిగెయ్యకపోతే నా పేరు సారక్కే కాదనుకుంది.

"వదినె" అన్నాడు రఘుపతి.

"చెప్పు" అంది సారక్క, ఆయన ఎడమ పక్కకు వచ్చి. "నిన్న ఆయన తప్పిండు, ఒప్పుకుంట. కాని పద్దెనిమిదేండ్లల్ల..."

"ఆ పక్క నుంచి వద్దు. ఇటు రా." ఆమెను భుజం పట్టి కుడి పక్కకు తిప్పుకున్నాడు. మాస్కు గడ్డం కిందకు లాగాడు. గొంతు తగ్గించాలని చాలా కష్టపడ్డాడు. "ఎడమ చెవి నాది పోయింది. నాలుగేండ్లాయె. ఇంట్ల గుడ తెల్వదు. డైలాగు తప్పుతనేమో, మంత్రి వేషం పోతదేమోనని ముందుగాల నేనే అందర్ని బెదిరిస్తున్న. నిన్న అన్న మైకుల ఒర్రిండు సూడు, నాకు... ఎట్ల చెప్పాలె వదినె... నెత్తి మీది బరువు దించినట్టయింది."

ఈ పెద్దపులికా సారక్క నెల్లాళ్ళు భయపడింది!

"ఏమంటున్నడే?" అన్నాడు దేవదాస్ ఆత్రంగా. "వేషం సురేశ్‌కేనా?"

సారక్క తన మాస్కు కూడా తీసేసింది. మొగుడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, నిదానంగా, ఒక్కో మాటా పెదాల మీద పెట్టి చెప్పింది. రాజు నువ్వే. మంత్రికి ఎడమ చెవి లేదు. ఇప్పటి నుంచి నేను తెర వెనక నిలబడను, స్టేజీ మీద మీ ఇద్దరి మధ్యలోనే నిలబడతా, ఏ వేషమో మీరే రాసుకోండి.

దేవదాస్ ఆమె పెదాల వైపు చూస్తూనే ఉన్నాడు. తరువాత రఘుపతి వైపు చూశాడు. మొహం కోపానికి రాబోయి, రాలేక, నవ్వులోకి తిరిగింది. "దొంగ నా కొడకా" అని ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు గుద్దుకుంటూ, ఒకరి మాట ఒకరికి సగం సగం అందుతుండగా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

బయట భజన ముగిసింది. స్టేజీ మీదికి రమ్మని జయంతీభాయ్ తలుపు దబదబా బాదుతున్నాడు. గదిలో ఉన్న ముగ్గురిలో అది బాగా వినపడింది సారక్క ఒక్కదానికే. ఆమె కూడా కాసేపు విననట్టే ఊరుకుంది.